మా ఆల్టోకి ఏ ఇంజన్?

పాత కారు ఇంజన్ పోతే మన ముందు చాలా దార్లు కనిపిస్తాయి. ఉన్న ఇంజన్‌నే బాగు చేయించొచ్చు. అదే మోడల్‌ది సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి వేయించొచ్చు. కొంచెం పెద్ద ఇంజన్ ఎక్కించొచ్చు. ఎలక్ట్రిక్ చేయించొచ్చు. లేదంటే బండిని తుక్కు కింద అమ్మేయొచ్చు. ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో దాదాపు మూడు వారాలు ఇదే చర్చ. నేను సీఎస్ఈ, మెకానికల్ కాదు. అయినా "ఇంజనీరింగే కదరా చదువుతున్నవ్, ఏం చేద్దామో చెప్పు" అని నాన్న అడిగారు. అందుకని కూర్చుని చదివాను, షెడ్ల చుట్టూ తిరిగాను. అక్కడ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా. గాస్కెట్‌కి తెలుగు మాట ఏంటని మన క్లబ్ సీనియర్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. కాబట్టి మెకానిక్ షెడ్‌లో వినిపించే మాటలే వాడేస్తున్నా, ఏమీ అనుకోకండి.

మా బండి 2008 ఆల్టో, ఏపీ 24 నంబర్. అంటే నల్గొండ జిల్లా పాత రిజిస్ట్రేషన్ (మహబూబ్‌నగర్ వాళ్ళది ఏపీ 22 ఉండేది, గుర్తుందా?). నాన్న గవర్నమెంట్ టీచర్. బడి కొండమల్లేపల్లి దాటాక లోపలికి ఉన్న ఊళ్ళో. పోనూ రానూ దాదాపు వంద కిలోమీటర్లు. ఇంకో ఇద్దరు సార్లు, ఒక టీచరమ్మ కూడా ఇదే కార్లో వెళ్తారు, పెట్రోల్ నలుగురూ పంచుకుంటారు. ఏప్రిల్‌లో ఒంటిపూట బడి అయ్యాక, మిట్టమధ్యాహ్నం తిరిగి వస్తుంటే బానెట్‌లోంచి ఆవిరి లేచింది. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, వణుకు. బడులు మళ్ళీ తెరిచేది జూన్ 12న. ఆ లోపు బండి రోడ్డెక్కకపోతే నలుగురికీ ఇబ్బందే. డబ్బుల సంగతికొస్తే, ఇంట్లో చేతికందేలా ఉన్నది నా హాస్టల్ ఫీజుకని పక్కన పెట్టింది మాత్రమే.

మా నల్గొండ మెకానిక్ భాయ్ మొదటి మాటే నాకు బాగా నచ్చింది. "సార్, ఏ ఇంజన్ ఎయ్యాల్నో తర్వాత సూద్దాం. గిది ఎందుకు సచ్చిందో ముందుగాల సూడాలె. లేకుంటే కొత్తది గూడ గట్లనే సస్తది." మన భాషలో చెప్పాలంటే, రూట్ కాజ్ తెలియకుండా సర్వర్ రీస్టార్ట్ చేయొద్దు అన్నమాట.

ఎందుకు పోయింది? రేడియేటర్ విప్పితే లోపల గొట్టాల్లో తెల్లటి పొర. మన ఇళ్ళల్లో గీజర్ రాడ్డు మీద, టీ గిన్నె అడుగున పేరుకునేదే. నల్గొండ నీళ్ళు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరీ సంస్థ శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు, ప్రపంచమంతా ఆ పేరుతోనే చదువుకుంటారు. మన ఊరి పేరు టెక్స్ట్‌బుక్‌లో ఉందని సంతోషించాలో బాధపడాలో తెలీదు. కానీ కారు విషయంలో నేరం ఫ్లోరైడ్‌ది కాదు. బోరు నీళ్ళలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలది. నీళ్ళు వేడెక్కినప్పుడల్లా అవి లోహం మీద గట్టిగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని అల్యూమినియం కన్నా పదుల రెట్లు తక్కువగా బయటికి పంపిస్తుంది. అంటే ఇంజన్‌కి లోపల దుప్పటి కప్పినట్టే. దానికి తోడు నల్గొండ ఏప్రిల్ నెల.

ఇంకోటి కూడా బయటపడింది. ఎప్పుడో ఇంకో చోట సర్వీసింగ్ చేయించినప్పుడు ఎవరో థర్మోస్టాట్ తీసేశారు. "మన ఎండలకి అది ఎందుకు" అనే మాట మన వైపు చాలా షెడ్లలో వినిపిస్తుంది. వినడానికి లాజిక్‌గానే ఉంటుంది. థర్మోస్టాట్ అనేది కూలెంట్ సుమారు 82 డిగ్రీలు దాటేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే చిన్న వాల్వ్. దాన్ని తీసేస్తే పొద్దున పూట ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉంది అని సెన్సార్ చెప్తుంటే ఈసీయూ ఎక్కువ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. ఆ ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. వేడి తగ్గిస్తున్నాం అనుకుని ఆయుష్షు తగ్గించడం అంటే ఇదే. ఇక రేడియేటర్ మూత. అది కేవలం మూత కాదు. లోపల ఒత్తిడి పెంచి, నీళ్ళు 100 దగ్గర మరగకుండా 115 డిగ్రీలు దాటేదాకా ఆపుతుంది. మా మూత రబ్బరు ఎండిపోయి పగిలి ఉంది. వంద రూపాయల చిల్లర వస్తువు!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంజన్ ఎంత పాడైంది? దీనికి కంప్రెషన్ టెస్ట్ ఉంటుంది. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి సెల్ఫ్ కొడతారు. ఇలాంటి ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే సెంటీమీటర్ చదరానికి 12 నుంచి 14 కేజీలు రావాలి. అంకె కన్నా ముఖ్యం, సిలిండర్ల మధ్య తేడా ఒక కేజీకి మించకూడదు. మాకు వచ్చినవి 11.5, 11, 5.5. మూడోది పోయింది. తర్వాత భాయ్ మూడో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ టెస్ట్ చేశారు. 8 దాటింది. ఆయిల్ పోస్తే ప్రెషర్ పెరిగిందంటే గాలి పోతున్నది పిస్టన్ రింగుల పక్కనుంచి. పెరగకపోతే వాల్వులో, గాస్కెట్టో. నాకైతే ఇది మంచి డీబగ్గింగ్‌లా అనిపించింది. ఒక వేరియబుల్ మార్చి అవుట్‌పుట్ చూడటమే కదా. హెడ్ విప్పాక సంగతి పూర్తిగా తెలిసింది. గాస్కెట్ కాలిపోయింది, మూడో సిలిండర్ గోడ మీద గీతలు. హెడ్ మీద స్కేల్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి వంపు చూశారు. 0.05 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ వంగితే ఫేసింగ్ చేయించాలి. అంటే మన రికార్డు కాగితం మందంలో సగం. అంత చిన్న తేడాకే గాస్కెట్ నిలవదు. మాది వంగింది.

సరే, దార్లన్నీ చూద్దాం.

పెద్ద ఇంజన్ సలహా జడ్చర్ల మామది. ఆయనకి హైవే మీద లారీల పరిచయాలు. "ఎట్లైనా ఇంజన్ దించుతున్నరు గదా, కే10 ఎక్కిచ్చురి బావా, బండి ఉర్కుతది" అని ఫోన్‌లో ఒకటే పోరు. ఆశ పుట్టించే మాటే. మా బండిలో ఉన్నది ఎఫ్8డీ. 796 సీసీ, మూడు సిలిండర్లు, 46 హార్స్‌పవర్ దగ్గర. కే10బీ 998 సీసీ, 67 దాకా ఇస్తుంది. రెండూ మారుతివే, రెండూ మూడు సిలిండర్లే. కానీ అక్కడితో పోలిక అయిపోతుంది. మౌంటింగులు వేరు, గేర్‌బాక్స్ వేరు, వైరింగ్ వేరు, సైలెన్సర్ గొట్టం వేరు. ఒక ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే ఇంకో పది ప్యాకేజీలు పగిలే పరిస్థితి మనకి కొత్తా?

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఈసీయూ. అందులో ఉండేది ప్రధానంగా పెద్ద లుకప్ టేబుల్. ఇంజన్ స్పీడ్ ఇంత, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి ఇంత ఉంటే పెట్రోల్ ఇన్ని మిల్లీసెకన్లు చిమ్మాలి, స్పార్క్ ఇప్పుడు ఇవ్వాలి అని. ఆ లెక్క మొత్తం 796 సీసీలో ఎంత గాలి పడుతుందో దాని మీద కట్టింది. దాన్నే ఉంచి 998 సీసీ ఇంజన్ తగిలిస్తే గాలి పెరుగుతుంది, పెట్రోల్ మాత్రం పాత లెక్కనే వస్తుంది. 796ని 998తో భాగించి చూడండి. అవసరమైన దాంట్లో ఐదో వంతు తక్కువ. ఆక్సిజన్ సెన్సార్ కొంత సర్దుతుంది, కానీ దానికీ హద్దు ఉంది. కాబట్టి ఈసీయూ, వైరింగ్ కూడా మార్చాలి. ఆ ఖర్చుతో సెకండ్ హ్యాండ్‌లో అసలైన ఆల్టో కే10నే చూసుకోవచ్చు.

ఒకవేళ అన్నీ కుదిరినా చట్టం కుదరనివ్వదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆర్సీలో 796 అని ఉండి లోపల 998 ఉంటే, రేపు ఏదైనా యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళకి చేతికి దొరికినట్టే. కార్లో నలుగురు టీచర్లు ఉంటారు. నాన్న ఆ ఒక్క కారణంతోనే మామకి "వద్దులే" అని చెప్పేశారు.

మన దేశంలో ఇంజన్ మార్పిడి కొత్త విషయం ఏమీ కాదు. అంబాసిడర్‌నే తీసుకోండి. 1957 నుంచి 2014 దాకా దాదాపు అదే బాడీ. లోపల మాత్రం బ్రిటిష్ డిజైన్ 1489 సీసీ ఇంజన్ పోయి 1992లో ఇసుజు 1.8 లీటర్ వచ్చింది. అది కంపెనీయే చేసిన మార్పు. టాక్సీల వాళ్ళు తమ పెట్రోల్ అంబాసిడర్లలో మాటడోర్ వ్యాన్ డీజిల్ ఇంజన్లు ఎక్కించుకుని తిరిగిన రోజులూ ఉన్నాయి. అప్పటి బండిలో కార్బురేటర్, నాలుగు వైర్లు. మౌంటింగ్ వెల్డింగ్ చేసి గేర్‌బాక్స్ కుదిర్చితే నడిచేది. పెద్దవాళ్ళు "ఏ ఇంజనైనా ఎక్కుతది" అంటారంటే ఆ కాలం చూసి అంటున్నారు.

ఎలక్ట్రిక్ గురించి నేనే ఉత్సాహపడ్డాను. సెక్షన్ 52 అనుమతి ఉన్న కిట్‌తో ఇంధనం మార్చుకోవడాన్ని ఒప్పుకుంటుంది. హైదరాబాద్‌లో ఈట్రియో అనే స్టార్టప్ ఆల్టోలనే ఎలక్ట్రిక్‌గా మార్చి చూపించింది కూడా. కానీ కిట్ ఖర్చు మా కారు ధరకి ఎన్నో రెట్లు. పైగా కొండమల్లేపల్లి అవతల ఛార్జింగ్ సంగతి అడగొద్దు. ఈ పేజీ అక్కడ మూసేశాం.

మిగిలినవి రెండు. అదే రకం సెకండ్ హ్యాండ్ ఇంజన్, లేదా ఉన్నదాన్నే బోరింగ్ చేయించడం.

సెకండ్ హ్యాండ్ కోసం నాన్న, భాయ్, నేను హైదరాబాద్ ఆటోనగర్ వెళ్ళాం. విజయవాడ హైవే మీదే, వనస్థలిపురం దగ్గర, నల్గొండ నుంచి వెళ్తే ఊరు మొదట్లోనే వస్తుంది. అక్కడ ఇంజన్లు కూరగాయల్లా కుప్పలుగా ఉంటాయి. మొదటి షాపులో "796 ఉంది, సేమ్ టు సేమ్" అని చూపించింది ఓమ్నీ ఇంజన్. ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండాలి. పాత మారుతి 800లోనూ, ఓమ్నీలోనూ, ఆల్టోలోనూ 796 సీసీయే. సిలిండర్ కొలతలూ ఒకటే, వ్యాసం 68.5, స్ట్రోక్ 72 మిల్లీమీటర్లు. కాలిక్యులేటర్‌లో వేసి చూడండి, కరెక్ట్‌గా 796 వస్తుంది. కానీ ఓమ్నీకి సిలిండర్‌కి రెండు వాల్వులు, మా ఆల్టోకి నాలుగు. ఓమ్నీ ఇంజన్ ముందు సీట్ల కింద నిలువుగా ఉండి వెనక చక్రాలు తిప్పుతుంది. ఆల్టోలో అడ్డంగా ఉండి ముందు చక్రాలు తిప్పుతుంది. సీసీ అనేది ఫంక్షన్ పేరు లాంటిది. పేరు ఒకటైనంత మాత్రాన ఆర్గ్యుమెంట్లు ఒకటి కావు.

రెండో షాపులో నిజంగానే ఎఫ్8డీ దొరికింది. ఇరవై రెండు వేలు చెప్పారు. భాయ్ గేజ్ తీసి కంప్రెషన్ చూస్తానంటే షాపాయన ఒప్పుకోలేదు, "నడిచే బండిలోంచి తీసిందే" అన్నారు. ఆయిల్ మూత తీసి చూస్తే అడుగున కాఫీ మీద నురగలా లేత గోధుమ రంగు. ఆయిల్‌లో నీళ్ళు కలిస్తే అలా అవుతుంది. ఇంకో చోట ఇంజన్ బాగానే తిరుగుతోంది, ప్లగ్గులూ శుభ్రంగా ఉన్నాయి, కానీ బ్లాక్ మీద నంబర్ ఉండాల్సిన చోట గ్రైండింగ్ మిషన్ గీతలు. భాయ్ నాన్న చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు.

ఆ నంబర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియదు (నాకూ తెలియదు). ఇంజన్ నంబర్ కొట్టి ఉండేది సిలిండర్ బ్లాక్ మీద. హెడ్, పిస్టన్లు, క్రాంక్, గాస్కెట్లు అన్నీ మార్చినా బ్లాక్ అదే ఉంటే నంబర్ అదే. అది ఇంజన్‌కి ప్రైమరీ కీ. బ్లాక్ మారితే నంబర్ మారుతుంది. అప్పుడు ఆర్టీఏ ఆఫీసు అనుమతి తీసుకుని ఆర్సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. అనుమతి లేకుండా మార్చేస్తే 14 రోజుల్లోపు తెలియజేయాలని చట్టంలో ఉంది. ఇన్సూరెన్స్ కాగితంలో కూడా మార్పించాలి. కొన్న ఇంజన్‌కి బిల్లు, అది ఏ బండిలోంచి వచ్చిందో దాని కాగితాలు అడిగి తీసుకోండి. నంబర్‌ని ఎన్‌సీఆర్‌బీ వాళ్ళ 'వాహన్ సమన్వయ్'లో కొట్టి చూస్తే దొంగతనం కేసులో ఉందో లేదో తెలుస్తుంది. ఇవేవీ ఇవ్వలేని ఇంజన్ ఐదు వేలకి వచ్చినా నాకు వద్దు.

కాగితాలు బాగున్నా ఇంకో సంగతి ఉంది. అదే ఎఫ్8డీ అయినా తయారైన సంవత్సరాన్ని బట్టి సెన్సార్లు, కనెక్టర్లు మారాయి. ఎమిషన్ నిబంధనలు మారినప్పుడల్లా చుట్టూ ఉన్నవి మారతాయి. కాబట్టి ఉత్త ఇంజన్ తీసుకుని, మన పాతదాని మ్యానిఫోల్డ్, సెన్సార్లు, వైరింగ్ దానికి బిగించుకోవడం మేలు అని భాయ్ సలహా.

ఇక బోరింగ్. అరిగిన సిలిండర్‌ని లేత్ షాపులో కొంచెం పెద్దది చేసి, దానికి తగ్గ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. పావు మిల్లీమీటర్, అర మిల్లీమీటర్ సైజుల్లో దొరుకుతాయి. మా గీతలు పావుతో పోలేదు, అర మిల్లీమీటర్ తీయాల్సి వచ్చింది. ఒక్క సిలిండర్ పాడైనా మూడూ సమానంగా చేయాలి, లేకపోతే బ్యాలెన్స్ తప్పుతుంది. 68.5 కాస్తా 69 అయ్యింది. లెక్క వేస్తే మా ఇంజన్ ఇప్పుడు 808 సీసీ దగ్గర! మామకి ఫోన్ చేసి "పెద్ద ఇంజనే వేయించాం మామా" అని చెప్పా.

ఖర్చు ఎలా తూచామో చెప్తా. బండి రిజిస్ట్రేషన్ 2008 నుంచి 15 ఏళ్ళు, అంటే 2023లో అయిపోయింది. ఐదేళ్ళకి రెన్యువల్ చేయించాం, 2028 దాకా ఉంది. అంటే ఇంకా మూడేళ్ళు. రోజుకి వంద కిలోమీటర్లు, ఏడాదికి 220 పనిరోజులు అనుకుంటే మూడేళ్ళకి 66,000 కిలోమీటర్లు. ఇంజన్ అంతకాలం వస్తే చాలు, లక్షన్నర కిలోమీటర్లు వచ్చే అద్భుతం అక్కర్లేదు. బోరింగ్, పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ ఫేసింగ్, టైమింగ్ బెల్ట్, కొత్త రేడియేటర్, కూలీ అన్నీ కలిపి మాకు 42,000 చెప్పారు. కిలోమీటర్‌కి 64 పైసలు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ బిగింపుతో సహా 30,000. కిలోమీటర్‌కి 45 పైసలు, అది 66,000 నడిస్తే. 20,000కే చేతులెత్తేస్తే రూపాయిన్నర, పైగా మళ్ళీ బడి టైంలో బండి షెడ్‌లో. లోపల ఏముందో తెలియని డబ్బా అది. మా బ్లాక్ ఏమైందో మాకు తెలుసు, ఎందుకైందో కూడా తెలుసు. పన్నెండు వేలు ఎక్కువ పెట్టింది ఆ తెలిసినందుకే.

అందరికీ ఇదే జవాబు కాదు. బ్లాక్ పగిలిపోయినా, క్రాంక్ బేరింగ్ కొట్టుకుపోయి రాడ్డు బయటికి వచ్చినా బోరింగ్ పనికిరాదు. అప్పుడు కాగితాలున్న, గేజ్ పెట్టనిచ్చే షాపులో అదే రకం ఇంజన్ వెతుక్కోవాల్సిందే. బండి ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లే తిరిగితే చవక ఇంజన్ తెలివైన పనే కావచ్చు. నేలకి తుప్పు పట్టి కాళ్ళ కింద రోడ్డు కనిపిస్తుంటే ఏ ఇంజనూ వద్దు, అమ్మేయండి.

హాస్టల్ ఫీజు రెండు వాయిదాల్లో కట్టడానికి మాట్లాడుకున్నాం. బండి జూన్ 9న ఇంటికి వచ్చింది. థర్మోస్టాట్ మళ్ళీ దాని చోటికి చేరింది, కొత్త మూత పడింది, రేడియేటర్‌లో బోరు నీళ్ళకి బదులు డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్. డిక్కీలో రెండు లీటర్ల కూలెంట్ డబ్బా, మీద అమ్మ రాసిన చీటీ: 'తాగే నీళ్ళు కాదు'. కొత్త రింగులు సిలిండర్ గోడకి ఒదిగేదాకా, అంటే మొదటి వెయ్యి కిలోమీటర్లు, 60 దాటొద్దని, ఒకే స్పీడ్‌లో ఎక్కువసేపు పోవద్దని భాయ్ చెప్పారు. వెయ్యి అవ్వగానే ఆయిల్ మార్చాలి, ఆ పాత ఆయిల్‌లో లోహపు పొడి ఉంటుంది. నిన్న నాన్న పంపిన ఫొటోలో మీటర్ చూశా, 640 అయ్యాయి. ఆ స్పీడ్‌కి బడికి ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతోందట, టీచరమ్మ రోజూ ముందు సీట్లో కూర్చుని స్పీడోమీటర్ కాపలా కాస్తున్నారట.